ఆరు పడవల వెనకపలక

పరిశోధనా పత్రిక నుంచి వచ్చిన జవాబులో ఇద్దరు సమీక్షకులు పద్మిని వ్యాసాన్ని మెచ్చుకున్నారు. మూడో ఆయన మాత్రం ఒక్క ప్రశ్న వేశాడు: "గళ్ళ పరిమాణం మారిస్తే ఫలితం మారుతుందా? చూశారా?"

చూడలేదు. ఒక్క పూట కూర్చుంటే తేలిపోయే పనే కదా అనుకుంది పద్మిని. శనివారం మధ్యాహ్నం ల్యాబు తాళం తీయించుకుని కంప్యూటర్ ముందు కూర్చుంది.

ఆమెది పోర్ట్ బ్లెయిర్‌లో ఒక పాలిటెక్నిక్‌లో లెక్చరర్ ఉద్యోగం. తాత శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. పద్మిని పుట్టిందీ పెరిగిందీ మిడిల్ పాయింట్‌లోనే. తెలుగు గడగడా మాట్లాడుతుంది గానీ చదవాలంటే కూడబలుక్కోవాలి. ముప్ఫై తొమ్మిదేళ్ళ వయసులో, ఉద్యోగం చేసుకుంటూనే, విశాఖలో ఉన్న ఒక ప్రొఫెసర్ దగ్గర పీహెచ్‌డీ చేస్తోంది. ఫైబర్ పడవ ఎక్కడ, ఎంత లాగితే చిట్లుతుందో పడవ విరగకముందే కంప్యూటర్‌లో లెక్కగట్టడం ఆమె విషయం.

కంప్యూటర్ పడవను మనలా చూడదు. వేల గళ్ళుగా కోసుకుని, ఒక్కో గడి మీద ఎంత ఒత్తిడి పడుతోందో, ఏది ముందు చిట్లుతుందో లెక్కేసుకుంటూ పోతుంది. పద్మిని వ్యాసంలో పడవ వెనకపలక, అంటే ఇంజిన్ బిగించే పలక, ఇరవై మిల్లీమీటర్ల గళ్ళతో ఉంది. రెండు వేల నాలుగు వందల కిలోలు లాగితే గానీ విరగలేదు.

ఇప్పుడు గళ్ళు పది మిల్లీమీటర్లు చేసింది. పలక పద్దెనిమిది వందలకే విరిగింది. ఏదో తప్పు కొట్టాననుకుని మళ్ళీ చేసింది. అదే అంకె. ఐదు మిల్లీమీటర్లు చేస్తే పదమూడు వందలు. రెండున్నర చేసి వదిలిపెట్టి వెళ్ళి, ఆదివారం సాయంత్రం వచ్చి చూస్తే తొమ్మిది వందల ఎనభై.

సరైన లెక్కయితే గళ్ళు చిన్నవయ్యేకొద్దీ ఎక్కడో ఒకచోట కుదురుకోవాలి. ఇది కుదురుకోవడం లేదు. పగులు ఎప్పుడూ ఒక్క వరస గళ్ళలోనే పడుతోంది. ఆ వరస సన్నగా ఉన్నకొద్దీ దాన్ని చీల్చడానికి తక్కువ శక్తి చాలుతోంది. అంటే ఆ రెండు వేల నాలుగు వందలు పలక బలం కాదు. తను ఎంచుకున్న గడి సైజు. అంతే.

వ్యాసం పోతే పోయింది. కానీ ఆ లెక్క కాగితం మీదే ఆగిపోలేదు. రెండేళ్ళ కిందట ఆమె మేనమామ తిరుమలరావు, జంగ్లీఘాట్‌లో ఫైబర్ డుంగీలు, అంటే చిన్న చేపల పడవలు, తయారుచేసే ఆయన, ఆ అంకె చూసి వెనకపలకకు ఏడు పొరల ఫైబర్ బదులు ఐదు పొరలే వేయడం మొదలుపెట్టాడు. డుంగీలు తేలికయ్యాయి, జోరుగా పోతున్నాయి. అలాంటివి ఆరు నీళ్ళలో తిరుగుతున్నాయి.

సోమవారం పొద్దున్నే గైడ్ రామ్‌ప్రసాద్‌కు ఫోన్ చేసింది. ఆయన అంతా విని, "పాత జబ్బే ఇది. పదార్థం చిట్లడం మొదలుపెట్టాక గళ్ళు మారిస్తే ఇలాగే అవుతుంది," అన్నాడు. "ఇరవై మిల్లీమీటర్లకు లెక్క కట్టామని ఒక వాక్యం రాసి, పరిమితుల కింద పెట్టేయండి. మిగతా ఇద్దరూ ఒప్పుకున్నారుగా."

"ఇరవై మిల్లీమీటర్లే ఎందుకని అడిగితే ఏం చెప్పాలి సార్?"

"అందరూ అంతే చేస్తారు పద్మిని గారూ."

"అందరి లెక్కలూ పట్టుకుని ఎవరూ పడవలు చేసి ఉండరు సార్. మా మావయ్య చేశాడు. ఆరు."

ఈ సంగతి ఆమె ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. ఆయన గొంతు మారింది. "అయితే వేరే దారి లేదు. ఆ ఫైబర్ పొర ఒక సెంటీమీటరు చీలడానికి ఎంత శక్తి పడుతుందో కొలవాలి. పుస్తకాల్లో అంకె పనికిరాదు, ఆ పడవల ఫైబర్‌కే కొలవాలి. దాన్ని లెక్కలో పెడితే గళ్ళు ఎంతున్నా జవాబు ఒకటే రావాలి. కానీ చాలా టైం పడుతుంది. మీ థీసిస్ వెనక్కి పోతుంది."

"పోనివ్వండి సార్," అంది పద్మిని. ఆ రోజే పత్రికకు రాసి వ్యాసం వెనక్కి తీసుకుంది. అప్పటికి నవంబరు. మే ఆఖరుకు వానలు దిగుతాయి, సముద్రం లేస్తుంది. అప్పటిలోగా తేల్చాలని తనకు తాను గడువు పెట్టుకుంది.

కాలేజీ అయ్యాక ఆటో ఎక్కి జంగ్లీఘాట్ వెళ్ళింది. షెడ్డులో ఫైబర్‌ను అతికించే రెజిన్ జిగురు వాసన ముక్కు మండిస్తోంది. తిరుమలరావు గ్రైండర్ ఆపి, "ఏటమ్మా, రాత కోతలు మానేసి ఇలా వచ్చావ్?" అని నవ్వాడు.

"మావయ్యా, నేను చెప్పిన ఎనక పలక లెక్క తప్పు."

ఆయన నవ్వు అలాగే ఉండిపోయింది. "ఏ లెక్క?"

"ఐదు పొరలు చాలన్న లెక్క."

ఆమె చెప్పుకుపోయింది. ఆయన మధ్యలోనే చెయ్యెత్తాడు. "ఆ గళ్ళూ అవీ నాకెందుకు? ఇరుగుద్దా, ఇరగదా? అది చెప్పు."

"తెలీదు."

"తెలీదేటే! రెండేళ్ళ కింద తెలిసిందిగా?"

"అప్పుడు తెలుసనుకున్నాను మావయ్యా."

"చూడు పద్దూ, ఇరుగుద్దంటే బాగుచేస్తాను. ఇరగదంటే ఊరుకుంటాను. తెలీదంటే నేనేం చెయ్యను? జనానికి ఏమని చెప్పను? రెండేళ్ళుగా తిరుగుతున్నాయి, ఒక్కటీ నోరు తెరవలేదు. నువ్వొచ్చి నా పేరు మీద బురద చల్లుతావా?"

షెడ్డు గోడ మీద ఆమె ఇచ్చిన కంప్యూటర్ బొమ్మే ఫ్రేము కట్టి ఉంది. వెనకపలక అంతా నీలం, మూలల్లో కొంచెం పచ్చ. నీలమంటే భయం లేదని అర్థం. కొనడానికి వచ్చిన ప్రతివాడికీ తిరుమలరావు దాన్ని చూపించి, "మా మేనకోడలు కంప్యూటర్‌లో టెస్టు చేసింది" అని చెబుతుంటాడు. పద్మిని స్టూలు లాక్కుని ఎక్కి దాన్ని దించింది.

"ఏం చేస్తున్నావ్?"

"ఇది తప్పు మావయ్యా. ఇక్కడ ఉండకూడదు."

"పట్టుకుపోతే మళ్ళీ ఈ గడప తొక్కకు!"

ఆమె ఫ్రేము చంకలో పెట్టుకుని బయటికి నడిచింది. చిన్నప్పుడు తనను భుజాల మీద ఎక్కించుకుని తిప్పిన మనిషి ఆయన. కానీ వెనక్కి తిరగలేదు.

మిగిలింది ఆ పడవల మనుషులకు చెప్పడం. ఐదు డుంగీలు ఇక్కడివే. ఆరోది దక్షిణాన దూరపు దీవిలో, హట్ బేలో ఉంది. మర్నాడు పొద్దున్నే చేపల రేవుకు వెళ్ళి ఒక్కొక్కరినీ పట్టుకుంది. ఇద్దరు నవ్వి పంపేశారు. ఒకడు, "మరి ఇంజిన్ నెత్తి మీద పెట్టుకుని పొమ్మంటారా మేడమ్?" అన్నాడు. ఇంకొకడు అసలు ఆగనే లేదు. హట్ బే డుంగీ యజమాని పైడిబాబుకు ఫోన్ చేస్తే మాట సగంలో తెగిపోయింది.

చివరికి పోలిరాజు దొరికాడు. యాభై దాటిన మనిషి, ఇసకలో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. పద్మిని పక్కనే కూర్చుంది.

"బాబాయ్, నీ డుంగీ ఎనక పలక గట్టిదని నేను చెప్పిన మాట నిజం కాదేమో. కొలిచి చెప్పేదాకా పెద్ద ఇంజిన్ పూర్తిగా తిప్పకు. కెరటం లేచినప్పుడు దూరం పోకు."

"ఏటైనాది? తిప్పకుండా సెప్పు."

ఆమె వల కన్ను రెండు వేళ్ళతో విడదీసి చూపించింది. "నీ వల కన్ను పెద్దదైనా చిన్నదైనా నీళ్ళలో చేప చేపే కదా. నేను కంప్యూటర్‌లో కన్ను మార్చిన ప్రతిసారీ నా చేప సైజు మారిపోతోంది. మత్లబ్, నేను పట్టింది చేప కాదు."

పోలిరాజు సూది పక్కన పెట్టాడు. "నువ్వు సెప్తేనే గదా తీసుకున్నాం," అన్నాడు. ఆ మాటకు ఆమె తల దించుకుంది. "ఇప్పుడూ నువ్వే సెప్తున్నావు. ఎవులూ అడక్కుండా వొచ్చి సెప్తున్నావు. సరే, పాత పదిహేను హెచ్‌పీ చిన్న ఇంజిన్ ఉంది, అది కట్టుకుంటాను. ఎన్నాళ్ళు?"

"వానల్లోపు."

"బేగి సూడు మరి. దాంతో నేను అందరికంటే ఎనకే వొస్తాను."

ఇక నమూనాలు కావాలి. షెడ్డులో ఫైబర్ పొరలు పరిచేది బేబీరాణి. పన్నెండేళ్ళుగా ఆ పనిలోనే ఉంది. ఆరు డుంగీలూ ఆమె చేతుల మీదుగా వెళ్ళినవే. పద్మిని మిడిల్ పాయింట్ బజార్లో ఆమెను కలిసి, పొరల మధ్య సగం దాకా పల్చటి ప్లాస్టిక్ కాగితం పెట్టి పట్టీలు చేసివ్వమని అడిగింది. ప్లాస్టిక్ ఉన్నచోట పొరలు అతుక్కోవు, అక్కణ్ణుంచి మిషన్‌తో లాగి చీల్చవచ్చు.

"తిరుమలరావు భయ్యాకి తెలిస్తే తిడతాడు దీదీ," అంది బేబీరాణి. అంటూనే ఒప్పుకుంది. వారం తరవాత ఇరవై పట్టీలు సంచీలో వేసుకుని కాలేజీకి తెచ్చింది.

పద్మిని వాటిని వెలుతురుకు పట్టి చూసింది. అద్దాల్లా ఉన్నాయి, ఒక్క బుడగ లేదు.

"ఎంత బాగా చేశావు! డుంగీలు కూడా ఇలాగే చేశావా?"

బేబీరాణి మొహం పక్కకు తిప్పుకుంది. "ఇవి టెస్టుకని చెప్పావుగా. రోలర్‌తో జాగ్రత్తగా రుద్దాను."

"మరి డుంగీలు?"

"ఆ ఆరూ వానల్లోనే వేశాం దీదీ. తేమకి రెజిన్ సరిగ్గా గట్టిపడదు. సాయంత్రమైతే చేతులు పీకేస్తాయి. మూలల్లో రోలర్ వెళ్ళదు. ఎంత పడితే అంత." కొంచెం ఆగి, "నా తప్పా?" అంది.

"కాదు. తప్పు నాది. నువ్వు ఎలా చేస్తావో అడక్కుండానే లెక్క కట్టాను. ఇవి పక్కన పెడదాం. మళ్ళీ చెయ్యి, డుంగీకి చేసినట్టే. అలిసిపోయినప్పుడు చెయ్యి, తడి గాలిలో చెయ్యి."

రెండోసారి తెచ్చిన పట్టీల్లో బుడగలు కనిపించాయి. వాటి అంచుకు పద్మిని తెల్ల కరెక్షన్ ఇంకు పూసి, మిల్లీమీటరుకో గీత గీసింది. కాలేజీ మిషన్ పాతది. మొదటి నాలుగు పట్టీలు ఫటుక్కున ఒకేసారి విడిపోయి ఏ కొలతా ఇవ్వకుండా పోయాయి. వర్క్‌షాప్‌లో కూర్చుని, మెల్లగా తిప్పగలిగే పళ్ళచక్రం ఒకటి అమర్చుకుంది. పట్టీ కదలకుండా పట్టే బిళ్ళలు మూడుసార్లు మార్చింది. ఐదో పట్టీకి పగులు గీత తరవాత గీత దాటుతూ మెల్లగా పాకింది. పద్మిని ఒక్కో గీత దగ్గరా మిషన్ చూపిన అంకె పలుకుతుంటే బేబీరాణి రాసుకుంది. జనవరి, ఫిబ్రవరి అలాగే గడిచాయి. క్లాసులు చెప్పడం, పట్టీలు చీల్చడం, ఇంటికెళ్ళి పడుకోవడం.

వచ్చిన శక్తి పుస్తకంలో ఉన్నదానిలో సగం కన్నా కాస్త ఎక్కువ. దాన్ని లెక్కలో పెట్టి మొదట ఐదు మిల్లీమీటర్ల గళ్ళతో నడిపింది. పద్నాలుగు వందల అరవై. రెండున్నరకు తగ్గించింది. పద్నాలుగు వందల నలభై. ఒకటింబావుకు తగ్గించింది. పద్నాలుగు వందల యాభై. పద్మిని కుర్చీలోంచి లేచి కిటికీ దాకా వెళ్ళి, మళ్ళీ వచ్చి చూసుకుంది. అంకె కదలలేదు.

రామ్‌ప్రసాద్ ఆ ఫైలు చూసి సంతోషించాడు. "కుదిరింది పద్మిని గారూ! ఇక వ్యాసం రాయండి."

"లెక్క కుదిరింది సార్. నిజంతో కుదిరిందో లేదో ఇంకా తెలీదు. అసలు పలక ఒకటి విరగ్గొట్టాలి."

దానికి తిరుమలరావు దగ్గరున్న పడవ అచ్చు కావాలి. మార్చి నెలాఖరులో ఆమె వెళ్ళి షెడ్డు గడప బయటే నిలబడింది. ఆయన పని చేసుకుంటూ చాలాసేపు పట్టించుకోలేదు. చివరికి తల ఎత్తకుండానే, "పోలిరాజు నాలుగు నెలల్నుంచి చిన్న ఇంజిన్‌తో పోతున్నాడంట," అన్నాడు.

"అవును."

"నువ్వు చెప్పావని."

"అవును మావయ్యా."

"బేబీరాణి కూడా నీ దగ్గరే ఉంటంది. నాకు తెలీదనుకుంటున్నారు." ఆయన చేతి గ్లౌజులు తీసి బల్ల మీద పడేశాడు. "ఏం కావాలి?"

"ఒక డుంగీ ఎనక సగం. ఆ ఆరింటికి వేసినట్టే ఐదు పొరలతో. విరగ్గొడతాను."

"విరక్కపోతే?"

"అందరి ముందూ నీకు క్షమాపణ చెప్పి, ఆ బొమ్మ నేనే తెచ్చి గోడకు తగిలిస్తాను."

ఆయన ఒప్పుకున్నాడు. ఏప్రిల్ రెండో వారంలో ఒక ఆదివారం పొద్దున పడవ వెనక సగాన్ని షెడ్డు నేలకు బోల్టులతో బిగించారు. ఇంజిన్ ఉండే చోట ఇనప చెయ్యి తగిలించి, దాన్ని చైన్ బ్లాకుతో, అంటే గొలుసు కప్పీతో, లాగేలా, మధ్యలో బరువు చూపే డిజిటల్ కాటా వేలాడేలా కట్టారు. రేవు నుంచి పదిమంది దాకా వచ్చారు. మొదట్లో నవ్విన వాళ్ళూ ఉన్నారు. పద్మిని మార్కర్ తీసి, అందరూ చూస్తుండగా షెడ్డు తలుపు మీద 1450 అని రాసింది. "నా లెక్క ఇది. తప్పైతే అందరికీ తెలియాలి."

తిరుమలరావే గొలుసు లాగాడు. ఐదు వందలు. ఎనిమిది వందలు. పెద్ద ఇంజిన్‌తో గట్టి కెరటంలో పలక మీద పడేది దాదాపు అంతే. వెయ్యి దగ్గర ఎక్కడో టిక్కుమంది. పదకొండు వందల దగ్గర ఎడమ మూలలో తెల్లటి చార కనిపించింది. ఆయన పద్మిని వైపు చూశాడు. "లాగు మావయ్యా," అంది ఆమె.

పన్నెండు వందల ముప్ఫైకి పెద్ద శబ్దంతో పలక మూల నుంచి చీలి వెనక్కి వాలిపోయింది.

పోలిరాజు దగ్గరికి వచ్చి అన్నాడు, "నీ లెక్క కంటే ముందే పోనాది గదా."

"అవును," అంది పద్మిని. విరిగిన మూల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని వేలు పెట్టి చూసింది. పలక లోపలి ప్లైవుడ్ అంచుకూ ఫైబర్‌కూ మధ్య బియ్యపు గింజంత ఖాళీ, మూల పొడుగునా. రోలర్ వెళ్ళని చోటు. "పట్టీల్లో ఈ ఖాళీ లేదు. అందుకే నాకు ఎక్కువ వచ్చింది. ఇంకా నేర్చుకోవాల్సింది ఉంది." లేచి 1450 కింద 1230 అని రాసింది.

తిరుమలరావు ఆ రెండు అంకెలూ చూస్తూ నిలబడ్డాడు. "మొదట నువ్వు చెప్పింది రెండు వేల నాలుగు వందలు."

"అవును."

"ఇది అందులో సగం." ఆయన విరిగిన మూలను చేత్తో తడిమాడు. "ఉప్పునీళ్ళు తాగి రెండేళ్ళు నలిగితే ఇంకా తగ్గుద్ది కదా?"

"తగ్గుతుంది. ఎంత తగ్గుతుందో నాకు తెలీదు."

ఈసారి ఆ మాటకు ఆయన కోప్పడలేదు. వచ్చిన వాళ్ళ వైపు తిరిగాడు. "మీ డుంగీలు రేపట్నుంచి ఒక్కొక్కటీ తీసుకురండి. పలకకి రెండు పక్కలా త్రికోణపు దన్నులు వేసి, ఇంకో మూడు పొరలు కడతాను. నా ఖర్చే." తరవాత మెల్లగా, పద్మినికి మాత్రం వినబడేలా, "దన్ను ఎంత వెడల్పుండాలి? ఈసారి సరిగ్గా లెక్కేసి చెప్పు," అన్నాడు.

దన్నులు వేసిన ఇంకో నమూనాను మే మొదటి వారంలో లాగారు. రెండు వేల మూడు వందల దాకా నిలబడింది, అక్కడ చైన్ బ్లాకు కొక్కెమే వంగిపోవడంతో ఆపేశారు. పోలిరాజు డుంగీ ముందు వచ్చింది. ఇంజిన్ విప్పి చూస్తే ఎడమ మూలలో, వేలి గోరు పట్టేంత సన్నటి పగులు. ఆయన దాన్ని చాలాసేపు తడిమాడు. దన్నులు వేయడం పూర్తయ్యాక పెద్ద ఇంజిన్ తెచ్చుకోవడానికి ఇంటికి వెళ్ళాడు. మిగతా నాలుగింట్లో రెండిటికి అలాంటి పగుళ్ళే ఉన్నాయి.

హట్ బే పైడిబాబు మాత్రం డుంగీ తీసుకురానన్నాడు. అంత దూరం సముద్రం మీద తేవడమూ మంచిది కాదు. అందుకని వీళ్ళే బయలుదేరారు. రెజిన్ డబ్బాలు ప్రయాణికుల షిప్పులో ఎక్కనివ్వరు గనక, అవి ముందే సామాను పడవలో వెళ్ళాయి. మే ఇరవైన ఫీనిక్స్ బే జెట్టీ దగ్గర టికెట్ల క్యూలో పద్మిని, బేబీరాణి నిలబడ్డారు. తిరుమలరావు కూలీతో దన్ను పలకలు మోయించి ఎక్కించాడు. షిప్పు కదిలేదాకా జెట్టీ మీదే ఉండి, "తడి ఆరాకే వెయ్యండి, తొందరపడొద్దు," అని అరుస్తూనే ఉన్నాడు.

హట్ బేలో పైడిబాబు డుంగీకి పగులు కాదు కదా, గీత కూడా లేదు. అతను వెనకపలక మీద అరచేత్తో చరిచాడు. "చూశారా దీదీ? ఏమీ లేదు. మీరు ఊరికే వచ్చారు."

పద్మిని మూల మూలా నాణెంతో తట్టి చూసింది. కుడి మూల దగ్గర చప్పుడు బోలుగా వచ్చింది, లోపల పొర అతుక్కోలేదు. అతని చేతికి నాణెం ఇచ్చి, "నువ్వే కొట్టి విను భయ్యా," అంది. అతను ముందు నిండుగా ఉన్నచోట కొట్టాడు, తరవాత మూలలో కొట్టాడు. మళ్ళీ కొట్టాడు.

"ఎన్ని రోజులు సముద్రానికి పోకూడదంటారు?" అన్నాడు చివరికి.

"మూడు రోజులు. మేం ఇక్కడే ఉంటాం."

అతను డుంగీ మీది సామాను దింపడం మొదలుపెట్టాడు. బేబీరాణి గ్రైండర్‌తో మూల గీకుతుంటే పద్మిని ఫైబర్ బట్ట కొలిచి కత్తిరించింది. మధ్యాహ్నానికి మబ్బు పట్టింది. పైడిబాబు, అతని భార్య టార్పాలిన్ తెచ్చి నాలుగు కర్రలకు కట్టారు. దాని కింద, ఈసారి మూలల్లో రోలర్ వెళ్ళని చోట, బేబీరాణి తన బొటనవేలితో రెజిన్ నొక్కింది. పద్మిని టార్చి పట్టుకుని, బుడగ కనిపించిన ప్రతిచోటా ఆపి మళ్ళీ నొక్కించింది. మూడో రోజు గట్టిపడిన మూలను పైడిబాబే నాణెంతో తట్టి, తల ఊపాడు.

పోర్ట్ బ్లెయిర్‌కు తిరిగొచ్చాక పద్మిని రామ్‌ప్రసాద్‌కు ఫోన్ చేసి, కొత్త వ్యాసంలో రెండు అంకెలూ పెడతానంది, తను అనుకున్నదీ, నిజంగా విరిగిందీ. ఆయన వద్దనలేదు. ఆ వారమే బేబీరాణి చేసిచ్చిన పద్దెనిమిది కొత్త పట్టీలను, పలక మూలలో ఉన్నట్టే ఖాళీ వదిలినవి కొన్ని, లేనివి కొన్ని, పద్మిని ల్యాబు వెనక ఉప్పునీటి తొట్టిలో వేసి తేదీ రాసుకుంది. ఉప్పునీళ్ళు బలాన్ని ఎంత తగ్గిస్తాయో చూడటానికి ఆర్నెల్ల తరవాత ఒక్కొక్కటే బయటికి తీసి చీల్చాలి. అప్పటిదాకా ప్రతి శుక్రవారం జంగ్లీఘాట్ నుంచి బిందెతో సముద్రపు నీళ్ళు తెచ్చి మార్చాలి. మొదటి శుక్రవారం వాన దంచికొట్టింది. ఆమె గొడుగు, బిందె పట్టుకుని ఆటో ఎక్కింది.